గిట్ రిపోలో పాతబడిన బ్రాంచ్ పేర్లు శుభ్రం చేయడం ఎలా: ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి

సర్వర్‌లో బ్రాంచ్ తీసేసి నెలలు గడిచినా నా లాప్‌టాప్‌లో దాని పేరు ఇంకా ఎందుకు కనిపిస్తోంది, ఎలా తీసేయాలి అని చాలామంది అడుగుతున్నారు. ఇంకొంతమంది ఎక్కడో దొరికిన ఒక్క లైను కమాండ్‌ను కాపీ చేసి కొట్టేసి, పని పోయిన తర్వాత అడుగుతున్నారు. ఆ రెండో రకం వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. తీసేయడానికి ఒక్క క్షణం చాలు, తీసేయొచ్చా లేదా అని తేల్చుకోవడానికే టైమ్ పడుతుంది, కాబట్టి ఎక్కువ భాగం దాని మీదే ఉంటుంది.

కమాండ్లన్నీ పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. టెర్మినల్‌లో మామూలుగానే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. రెండు గీతలున్న చోట రెండు గీతలు, ఒకటున్న చోట ఒకటే పెట్టాలి. మీ ప్రధాన బ్రాంచ్ పేరు మెయిన్ అనీ, రిమోట్ (సర్వర్‌లో ఉన్న రిపో) పేరు ఆరిజిన్ అనీ అనుకుని రాశాను, వేరే పేర్లుంటే అవి పెట్టుకోండి.

1. ఒకే పేరు మూడు చోట్ల ఉంటుంది

ఇది అర్థమైతే సగం భయం పోతుంది. లాగిన్-ఫిక్స్ అనే బ్రాంచ్ ఉందనుకోండి. సర్వర్‌లో ఒకటి ఉంటుంది. మీ మెషీన్‌లో మీరు కూర్చుని పని చేసే లోకల్ బ్రాంచ్ ఒకటి ఉంటుంది. ఈ రెండూ కాక ఆరిజిన్/లాగిన్-ఫిక్స్ అని మూడోది ఉంటుంది, అది మీ మెషీన్‌లోనే ఉంటుంది కానీ మీది కాదు: చివరిసారి ఫెచ్ చేసినప్పుడు (అంటే సర్వర్ నుంచి తాజా వివరాలు తెచ్చుకున్నప్పుడు) సర్వర్‌లో ఆ బ్రాంచ్ ఎక్కడుందో గిట్ రాసి పెట్టుకున్న గుర్తు అది. దాన్ని రిమోట్ ట్రాకింగ్ బ్రాంచ్ అంటారు.

మామూలుగా ఫెచ్ చేస్తే సర్వర్‌లో కొత్తగా వచ్చినవి ఇక్కడికి వస్తాయి, కదిలినవి కదులుతాయి, కానీ అక్కడ పోయినవి ఇక్కడ పోవు. మీరు అడిగితే తప్ప గిట్ ఆ గుర్తును తీయదు.

పేర్లు ఎక్కువగా కనిపించడం ఒక్కటే అయితే వదిలేయొచ్చు. కానీ టీమ్‌లో ఎవరో పాత పేరు చూసి, అది ఇంకా నడుస్తోందనుకుని, దాని మీద పని మొదలుపెట్టి మళ్లీ సర్వర్‌కి పుష్ చేస్తారు. చచ్చిపోయిన బ్రాంచ్ లేచి కూర్చుంటుంది. ఒక్కోసారి పాత పేరు కొత్త పేరుకు అడ్డం పడి ఫెచ్ కూడా ఆగిపోతుంది, దాని గురించి తొమ్మిదో భాగంలో చెప్తాను.

2. మొదలుపెట్టే ముందు

☐ గిట్ స్టేటస్ కొట్టి, కమిట్ కాని పని ఏమీ లేదని చూసుకోండి.

☐ గిట్ రిమోట్ -వీ కొట్టి, ఆరిజిన్ అసలు రిపో వైపే చూస్తోందా అని నిర్ధారించుకోండి.

☐ గిట్ స్విచ్ మెయిన్, ఆ తర్వాత గిట్ పుల్. మెయిన్ తాజాగా లేకపోతే ఏది మెర్జ్ అయిందో ఏది కాలేదో గిట్ సరిగ్గా చెప్పలేదు.

☐ ఇప్పుడున్న బ్రాంచ్‌లన్నీ, వాటి హ్యాష్‌లతో (ఒక్కో కమిట్‌ను గుర్తించే అంకెలూ అక్షరాల వరస) సహా, ఒక ఫైల్‌లో దాచుకోండి:

గిట్ బ్రాంచ్ -ఏ -వీ > పాత-జాబితా.టీఎక్స్‌టీ

☐ మొత్తానికీ ఒక బ్యాకప్ తీయండి:

గిట్ బండిల్ క్రియేట్ బ్యాకప్.బండిల్ --ఆల్
గిట్ బండిల్ వెరిఫై బ్యాకప్.బండిల్

ఈ రెండు ఫైళ్లనూ రిపో ఫోల్డర్ బయట పెట్టుకోండి. బండిల్‌లో అన్ని బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు, ట్రాకింగ్ గుర్తులు వస్తాయి. స్టాష్ (కమిట్ చేయకుండా పక్కన దాచిన పని) మాత్రం అన్నిటికన్నా పైనున్న ఒక్కటే వస్తుంది, కింద పేరుకున్నవి రావు. స్టాష్‌లో మీకు అవసరమైనదేదైనా ఉంటే ముందే ఒక బ్రాంచ్‌గా మార్చుకోండి.

జాబితా ఎందుకు అంటున్నానంటే, ప్రూన్ చేసినప్పుడు (సర్వర్‌లో లేని వాటి గుర్తులు తీసేసినప్పుడు) గిట్ తీసేసిన పేరు చూపిస్తుంది కానీ దాని హ్యాష్ చూపించదు. పేరు తెలిసి హ్యాష్ తెలియకపోతే వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

3. తీసేయకుండా చూడటం

గిట్ రిమోట్ ప్రూన్ --డ్రై-రన్ ఆరిజిన్

ఇది సర్వర్‌ను అడిగి, తీసేస్తే ఏవేవి పోతాయో చెప్తుంది. ఏదీ తీయదు. గిట్ రిమోట్ షో ఆరిజిన్ కొట్టినా పాతబడిన వాటి పక్కన స్టేల్ అని చూపిస్తుంది.

జాబితాను పైనుంచి కిందికి ఒక్కసారి చదవండి. తెలిసిన పాత పేర్లు ఉంటే సరే. ఉన్న బ్రాంచ్‌లన్నీ ఒక్కసారిగా జాబితాలో కనిపిస్తే మాత్రం అక్కడే ఆగండి, అంతమంది ఒకే వారంలో బ్రాంచ్‌లు తీసేసి ఉండరు. ఆరిజిన్ చిరునామా మారి ఉంటుంది, లేదా ఏదో ఖాళీ రిపో వైపు చూస్తూ ఉంటుంది.

4. ట్రాకింగ్ గుర్తులు తీయడం

గిట్ ఫెచ్ --ప్రూన్ ఆరిజిన్

రిమోట్‌లు ఒకటి కంటే ఎక్కువుంటే గిట్ ఫెచ్ --ఆల్ --ప్రూన్. మీ లోకల్ బ్రాంచ్‌లను ఇది ముట్టుకోదు. సర్వర్‌నూ ముట్టుకోదు. మధ్యలో ఉన్న ఆ గుర్తులు మాత్రమే పోతాయి.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. మొదటిది, --మిర్రర్‌తో క్లోన్ చేసిన రిపో. అక్కడ సర్వర్ పేర్లే నేరుగా మీ పేర్లు, కాబట్టి ప్రూన్ చేస్తే బ్రాంచ్‌లే పోతాయి. బ్యాకప్ కోసం మిర్రర్ పెట్టుకున్న వాళ్లు ఇది గట్టిగా గుర్తు పెట్టుకోవాలి, సర్వర్‌లో పొరపాటున పోయినది బ్యాకప్‌లో కూడా పోతే ఆ బ్యాకప్ ఉండీ లాభం లేదు. రెండోది, ఫెచ్‌కి చివర మీరే చేత్తో రెఫ్‌స్పెక్ (సర్వర్‌లోని ఏ పేరు ఇక్కడ ఏ పేరుగా రావాలో ఎడమ, కుడి వైపులుగా చెప్పే రాత) రాసి ప్రూన్ పెట్టడం. కుడివైపు రెఫ్స్/హెడ్స్ ఉంటే లోకల్ బ్రాంచ్‌లు పోతాయి. ఆ అవసరం దాదాపు ఎవరికీ రాదు, ఎవరైనా రాసిస్తే కొట్టకండి.

ప్రూన్‌ను లోకల్ బ్రాంచ్‌ల కంటే ముందే చేయమనడానికి కారణం ఉంది. గిట్ బ్రాంచ్ -డి (చిన్న అక్షరం డి) కొట్టినప్పుడు, ఆ బ్రాంచ్‌కు ట్రాకింగ్ గుర్తు ఉంటే గిట్ దానితో పోల్చి చూస్తుంది, మెయిన్‌తో కాదు. అంటే సర్వర్‌కి పుష్ అయి, మెయిన్‌లో ఇంకా కలవని బ్రాంచ్‌ను కూడా ఒక హెచ్చరిక చూపించి తీసేస్తుంది. గుర్తు పోయాక అయితే మీరు ఇప్పుడున్న బ్రాంచ్‌తో పోలుస్తుంది. మీరు మెయిన్ మీద నిలబడి ఉంటే అది మనకు కావలసిన పరీక్షే. ఈ ఒక్క వరస తప్పితే చిన్న డి ఇచ్చే రక్షణ చాలావరకు పోతుంది.

5. లోకల్ బ్రాంచ్‌లు: అసలు పని ఇక్కడే

గిట్ బ్రాంచ్ -వీవీ

కొన్ని లైన్లు ఇలా కనిపిస్తాయి:

లాగిన్-ఫిక్స్ 4817203 [ఆరిజిన్/లాగిన్-ఫిక్స్: గాన్] పాస్‌వర్డ్ చెక్ సరిచేశాను

గాన్ అంటే సర్వర్‌లో ఆ పేరు లేదని. అంతే. పని మెర్జ్ అయిందని కాదు. పుల్ రిక్వెస్ట్‌ను (నా బ్రాంచ్‌ను కలపండి అని సర్వర్‌లో పెట్టే అభ్యర్థన) మెర్జ్ చేయకుండా మూసేసి బ్రాంచ్ తీసేసినా గాన్ అనే వస్తుంది, ఎవరైనా బ్రాంచ్ పేరు మార్చినా అదే వస్తుంది.

ముందు చిన్న డితో ప్రయత్నించండి:

గిట్ బ్రాంచ్ -డి లాగిన్-ఫిక్స్

పోయిందంటే సమస్య లేదు, అందులోని కమిట్లన్నీ మెయిన్‌లో ఉన్నాయి. నాట్ ఫుల్లీ మెర్జ్‌డ్ అని వచ్చిందనుకోండి, వెంటనే పెద్ద డి (పెద్ద అక్షరం, మెర్జ్ అయిందా లేదా చూడకుండా బలవంతంగా తీసేది) కొట్టేయకండి. ఆ మాటకు రెండు అర్థాలుండొచ్చు: పని నిజంగానే మెయిన్‌లోకి రాలేదు, లేదా స్క్వాష్ చేసో రీబేస్ చేసో కలిపారు. స్క్వాష్‌లో మీ ఐదారు కమిట్లు కలిసి కొత్త హ్యాష్‌తో ఒకే కమిట్ అవుతాయి, మార్పులు చేరాయి కానీ పాత హ్యాష్‌లు మెయిన్ చరిత్రలో లేవు కాబట్టి గిట్‌కు అవి వేరే పనిలాగే కనిపిస్తాయి.

తేల్చుకోవడానికి, తేలిక నుంచి కష్టం వైపు:

మొదట, గిట్ లాగ్ మెయిన్..లాగిన్-ఫిక్స్ --వన్‌లైన్. ఈ బ్రాంచ్‌లో ఉండి మెయిన్‌లో లేని కమిట్లు వస్తాయి. చాలాసార్లు ఆ పేర్లు చదివితేనే సంగతి అర్థమైపోతుంది.

రీబేస్ చేసి (ఒక్కో కమిట్‌ను కొత్త హ్యాష్‌తో మెయిన్ చివర మళ్లీ పేర్చి) కలిపి ఉంటే, గిట్ చెర్రీ మెయిన్ లాగిన్-ఫిక్స్. మైనస్ గుర్తు వచ్చిన కమిట్‌లోని మార్పు మెయిన్‌లో ఉన్నట్టు, ప్లస్ వస్తే లేనట్టు. చాలా కమిట్లను స్క్వాష్ చేసి ఉంటే ఇది పనికిరాదు, అన్నిటికీ ప్లస్సే వస్తుంది.

స్క్వాష్ అయితే పుల్ రిక్వెస్ట్ పేజీ తెరిచి, అందులో చివరి కమిట్ హ్యాష్, మీ బ్రాంచ్ చివరి కమిట్ హ్యాష్ ఒకటేనా చూడండి. ఒకటే అయితే మీ దగ్గరున్నదంతా అందులో వెళ్లింది. మీది ముందుకు ఉంటే, పుష్ చేయని కమిట్ ఏదో మీ దగ్గర మిగిలిపోయిందని అర్థం.

ఆ పేజీ కూడా లేకపోతే, బ్రాంచ్‌ను కదపకుండా కలిపి చూసే దారి ఇది:

గిట్ స్విచ్ --డిటాచ్ లాగిన్-ఫిక్స్
గిట్ మెర్జ్ మెయిన్
గిట్ డిఫ్ మెయిన్

చివరి కమాండ్‌కు ఏమీ రాకపోతే ఆ బ్రాంచ్‌లో మెయిన్‌కు లేనిది ఏదీ లేదు. కాన్‌ఫ్లిక్ట్ వస్తే గిట్ మెర్జ్ --అబార్ట్ కొట్టి, ఆ బ్రాంచ్‌ను తర్వాత తీరిగ్గా చూడటానికి పక్కన పెట్టండి. అయిపోయాక గిట్ స్విచ్ మెయిన్‌తో వెనక్కి రండి.

ఇంత జాగ్రత్త ఎందుకో నాకు అనుభవమైంది. ఒకసారి నా పుల్ రిక్వెస్ట్ సాయంత్రం మెర్జ్ అయింది, అది చూసుకోకుండా అదే బ్రాంచ్‌లో రాత్రి ఇంకో చిన్న కమిట్ చేశాను, టైమ్‌అవుట్ విలువ పెంచుతూ. పుష్ చేయలేదు. రెండు వారాల తర్వాత గాన్ ఉన్నవన్నీ వడగట్టి పెద్ద డితో తీసేసే ఒక్క లైను కమాండ్ కొట్టాను, పదకొండు బ్రాంచ్‌లు పోయాయి, ఆ కమిట్ కూడా వాటితో పాటే. అదే టైమ్‌అవుట్ సమస్య మళ్లీ వచ్చి, ఇది నేను సరిచేశాను కదా అని వెతికితే అప్పుడు తెలిసింది. రీఫ్లాగ్‌లో (బ్రాంచ్‌లు ఎప్పుడు ఏ కమిట్ మీద ఉన్నాయో గిట్ మీ మెషీన్‌లో రాసుకునే చిట్టా) దొరికింది కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి పెద్ద డిని ఒక్కో పేరుకు చేత్తో కొడతాను, లూప్‌లో పెట్టను.

ఆ ఒక్క లైను కమాండ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. -వీవీ ఇచ్చే లైన్‌లో కమిట్ మెసేజ్ కూడా ఉంటుంది, మెసేజ్‌లో గాన్ అనే మాట ఉంటే బతికున్న బ్రాంచ్ కూడా వడపోతలో చిక్కుతుంది. అలాగే --మెర్జ్‌డ్ మెయిన్ ఇచ్చే జాబితాలో మెయిన్ కూడా ఉంటుంది, పొద్దున్నే తీసి ఇంకా ఒక్క కమిట్ కూడా చేయని కొత్త బ్రాంచ్ కూడా ఉంటుంది.

6. బ్రాంచ్ వేరే ఫోల్డర్‌లో తెరిచి ఉందని అంటే

వర్క్‌ట్రీలు (ఒకే రిపోకు అదనంగా తెరిచిన పని ఫోల్డర్లు) వాడేవాళ్లకు ఇది వస్తుంది. గిట్ వర్క్‌ట్రీ లిస్ట్ కొట్టి ఎక్కడుందో చూడండి. ఫోల్డర్‌ను ఎప్పుడో చేత్తో తీసేసి ఉంటే గిట్ వర్క్‌ట్రీ ప్రూన్ కొడితే ఆ నమోదు పోతుంది. ఫోల్డర్ ఇంకా ఉంటే లోపల కమిట్ కాని పని ఉందేమో చూసి, గిట్ వర్క్‌ట్రీ రిమూవ్ కొట్టండి.

7. సర్వర్‌లో మిగిలిన పాత బ్రాంచ్‌లు

ఇప్పటిదాకా చేసింది మీ మెషీన్‌కే పరిమితం. ఇక్కడి నుంచి అందరిదీ, కాబట్టి వేగం తగ్గించండి. పాతవి ముందు వచ్చేలా జాబితా:

గిట్ బ్రాంచ్ -ఆర్ --సార్ట్=కమిటర్‌డేట్

ఒక్కో పేరుకు చూసుకోవలసినవి:

☐ చివరి కమిట్ ఎవరిది? వాళ్లను అడిగారా?
☐ తెరిచి ఉన్న పుల్ రిక్వెస్ట్ ఏదైనా దీని మీద ఉందా? దీన్ని బేస్‌గా పెట్టుకున్న వేరేది ఉందా?
☐ బిల్డ్, డిప్లాయ్ స్క్రిప్టుల్లో ఈ పేరు రాసి ఉందా?
☐ పాత రిలీజ్‌కు ఫిక్సులు ఇవ్వడానికి ఉంచిన బ్రాంచా?

అన్నీ తేలితే:

గిట్ పుష్ ఆరిజిన్ --డిలీట్ లాగిన్-ఫిక్స్

ఎవరైనా ఉంచుదామా వద్దా అని ఊగిసలాడుతుంటే వాదన పెట్టుకోకుండా, ఆ చివరి కమిట్‌కు ఆర్కైవ్/లాగిన్-ఫిక్స్ అని ట్యాగ్ పెట్టి పుష్ చేసి, ఆ తర్వాత బ్రాంచ్ తీసేయండి. కమిట్లు అలాగే ఉంటాయి, బ్రాంచ్‌ల జాబితా మాత్రం తగ్గుతుంది.

తీసేశాక టీమ్‌లో అందరికీ ఒక మాట చెప్పి ప్రూన్ చేయమనండి. మీరు తీసేసినంత మాత్రాన వాళ్ల మెషీన్లలో పోదు. గిట్‌హబ్‌లో మెర్జ్ కాగానే బ్రాంచ్ దానంతట అదే పోయే సెట్టింగ్ రిపో సెట్టింగుల్లో ఉంది, గిట్‌ల్యాబ్‌లో మెర్జ్ రిక్వెస్ట్ దగ్గరే సోర్స్ బ్రాంచ్ తీసేసే ఆప్షన్ ఉంది. అవి పెట్టుకుంటే ఈ భాగం పని చాలా తగ్గుతుంది.

8. ట్యాగ్‌లు

ట్యాగ్‌లకు (ఒక కమిట్‌కు పెట్టే కదలని పేర్లు) బ్రాంచ్‌ల లాంటి మధ్య గుర్తు లేదు. మీ దగ్గరున్న ట్యాగ్ సర్వర్ నుంచి వచ్చిందా, మీరు పెట్టుకున్నదా అని గిట్ గుర్తు పెట్టుకోదు. అందుకే --ప్రూన్-ట్యాగ్స్ అనేది సర్వర్‌లో లేని ప్రతి ట్యాగ్‌నూ, మీరు ఇంకా పుష్ చేయని సొంత ట్యాగ్‌లతో సహా, తీసేస్తుంది. నేను దీన్ని వాడను, మీరూ వాడొద్దనే చెప్తాను. గిట్ ట్యాగ్ -డి పేరు అని ఒక్కొక్కటే తీయండి.

సర్వర్‌లో తీసిన ట్యాగ్ మళ్లీ మళ్లీ వస్తోందంటే, టీమ్‌లో ఎవరో గిట్ పుష్ --ట్యాగ్స్ కొడుతున్నారు. వాళ్ల మెషీన్‌లో తీయిస్తేనే ఆగుతుంది.

9. తరచూ వచ్చే తప్పులు, వాటి మందు

ఫెచ్ చేస్తే కెనాట్ లాక్ రెఫ్ అని ఎర్రర్. గతంలో ఫీచర్ అనే బ్రాంచ్ ఉండేది, అది పోయింది, ఇప్పుడు ఎవరో ఫీచర్/లాగిన్ అని పెట్టారు. మీ దగ్గర ఫీచర్ అనే పాత గుర్తు ఇంకా ఉంది కాబట్టి, ఆ పేరుతో ఫోల్డర్ కావలసిన చోట ఫైల్ అడ్డం పడింది. గిట్ రిమోట్ ప్రూన్ ఆరిజిన్ కొట్టి మళ్లీ ఫెచ్ చేస్తే సరిపోతుంది.

అదే ఎర్రర్, కానీ ప్రూన్ చేసినా పోవడం లేదు. విండోస్‌లోనో మ్యాక్‌లోనో అయితే, సర్వర్‌లో పెద్ద అక్షరంతో ఒకటి, చిన్న అక్షరంతో ఒకటి, ఒకే పేరు రెండు బ్రాంచ్‌లకు ఉందేమో చూడండి. ఆ మెషీన్లలో ఫైల్ పేర్లకు ఆ తేడా మామూలుగా ఉండదు. ఒక పేరును సర్వర్‌లో మార్చడమే శాశ్వత పరిష్కారం.

ఆరిజిన్/హెడ్ ఎటూ చూడటం లేదని హెచ్చరిక. ప్రధాన బ్రాంచ్ పేరు మాస్టర్ నుంచి మెయిన్‌కు మార్చినప్పుడు వస్తుంది. గిట్ రిమోట్ సెట్-హెడ్ ఆరిజిన్ --ఆటో కొట్టండి.

డాట్ గిట్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైల్‌ను చేత్తో తీసేయడం. చేయొద్దు. అదే పేరు ప్యాక్డ్-రెఫ్స్ అనే ఫైల్‌లో కూడా ఉండొచ్చు, అప్పుడు బ్రాంచ్ పోకపోగా ఏదో పాత కమిట్ మీద మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఎప్పుడూ కమాండ్‌తోనే తీయండి.

లాక్ ఫైల్ ఉందని ఆగిపోవడం. చేత్తో తీయక తప్పని ఫైల్ ఇదొక్కటే. అంతకు ముందు ఇంకే గిట్ ప్రాసెస్ నడవడం లేదని, ఎడిటర్ వెనకాల ఫెచ్ చేయడం లేదని చూసుకోండి.

10. ఇకపై పేరుకోకుండా

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ ఫెచ్.ప్రూన్ ట్రూ

ఇది పెడితే ప్రతి ఫెచ్‌కూ, ప్రతి పుల్‌కూ ప్రూన్ దానంతట అదే జరుగుతుంది. ప్రతి పుల్‌లో ఏవి పోయాయో రెండు లైన్లలో కనిపిస్తాయి, అప్పటికప్పుడే ఆ లోకల్ బ్రాంచ్ సంగతి తేల్చుకోవచ్చు, పని ఇంకా తాజాగా గుర్తుంటుంది. మిర్రర్ రిపోలున్న మెషీన్‌లో మాత్రం --గ్లోబల్‌తో పెట్టకండి, ఏ రిపోకు కావాలో ఆ రిపోలోకి వెళ్లి ఆ మాట లేకుండా కొట్టండి.

11. పొరపాటున తీసేస్తే

టెర్మినల్ మూసేయకండి. లోకల్ బ్రాంచ్ తీసినప్పుడు గిట్ దాని హ్యాష్ చూపిస్తుంది, పైకి జరిపి చూస్తే కనిపిస్తుంది. అది దొరికితే:

గిట్ బ్రాంచ్ లాగిన్-ఫిక్స్ 4817203

బ్రాంచ్ తిరిగి వచ్చేస్తుంది. దొరకకపోతే గిట్ రీఫ్లాగ్ కొట్టండి. బ్రాంచ్‌తో పాటు దాని సొంత రీఫ్లాగ్ పోతుంది, కానీ మీరు ఆ బ్రాంచ్‌లో కూర్చుని చేసిన కమిట్లు హెడ్ (మీరు నిలబడి ఉన్న చోటు) రీఫ్లాగ్‌లో ఉంటాయి, మెసేజ్ చూసి గుర్తు పట్టొచ్చు. మీరెప్పుడూ తెరవని, వేరేవాళ్ల బ్రాంచ్ గుర్తు ప్రూన్‌లో పోతే అది రీఫ్లాగ్‌లో ఉండదు. దానికి మొదట్లో దాచిన జాబితా, లేదా గిట్ ఎఫ్ఎస్‌సీకే --లాస్ట్-ఫౌండ్.

దీనికి గడువుంది. ఏ బ్రాంచ్ నుంచీ చేరలేని కమిట్లు రీఫ్లాగ్‌లో మామూలుగా 30 రోజులుంటాయి. రీఫ్లాగ్‌లో కూడా లేనివి రెండు వారాల కంటే పాతవైతే, గిట్ తనంతట తాను చేసుకునే శుభ్రతలో ఎప్పుడైనా పోవచ్చు. కాబట్టి ఈ పని అయిన రోజే గిట్ జీసీ --ప్రూన్=నౌ కొట్టి డిస్క్ ఖాళీ చేద్దామనుకోకండి. బండిల్‌ను ఒక నెల అలాగే ఉంచండి, ఆ నెలలో ఎవరూ ఏ బ్రాంచ్ గురించీ అడగకపోతే అప్పుడు తీసేయండి.